రెజీస్ వద్దన్నాడు

సూపర్ మార్కెట్‌లో ముందున్నావిడ సంచీ సర్దుకోవడం ఎంతకీ తెమలడం లేదు. ఒదీల్ ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడింది. ఇంట్లో భర్త రెజీస్‌ను కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి వచ్చింది. ఒంటరిగా లేచాడంటే పడిపోతాడు. పడ్డా కేక వేయలేడు. వేసినా ఏ మాటతో వేస్తాడో తెలియదు.

తన వంతు రాగానే భర్త కార్డు తీసి యంత్రానికి తాకించింది. సొరుగులో ఉన్న నగదు అయిపోయిన దగ్గర్నుంచి అలా తాకిస్తూనే నెట్టుకొస్తోంది. చిన్న మొత్తాలకు అది ఏమీ అడగదు. ఈసారి మాత్రం కీచుమని ఊరుకుంది. గల్లా దగ్గరి పిల్ల మళ్ళీ తాకించమంది. మళ్ళీ కీచుమంది.

"పిన్ నొక్కాలి, సెన్యోరా," అంది ఆ పిల్ల పోర్చుగీసులో.

ఒదీల్‌కు ఆ మాట అర్థమైంది. తెలియనిది పిన్నే.

వెనక వరస పెరుగుతోంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. కోడిమాంసం, బియ్యం, సబ్బు, జున్ను ఒక్కొక్కటే పక్కకు తోసేసింది. చిల్లరసంచీ బోర్లిస్తే పాలకూ రొట్టెకూ సరిపోయింది. వాటిని చంకలో ఇరికించుకుని, ఎవరి మొహమూ చూడకుండా వీధిలో పడింది.

వాళ్ళు పోర్చుగల్‌లోని ఈ సెతూబల్ వచ్చి మూడేళ్ళు. రెజీస్ దెలనువా రూబేలో ఉద్యోగమంతా ట్రాము నడిపి విరమించాడు. ఇక్కడ ఎండ ఉంది, అద్దె తక్కువ, ఫ్రాన్సులో చాలీచాలని పింఛను ఇక్కడ దర్జాగా సరిపోతుంది. లెక్కలన్నీ అతనే వేశాడు. పిల్లల్లేరు, వెనక్కి లాగేవాళ్ళూ లేరు. ఒదీల్ అడపాదడపా బడి వంటశాలలో, బట్టల దుకాణంలో చేసింది కానీ ఆమె పింఛను మొదలవడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. ఉన్నది ఒక్క పింఛను, అది పడేది రూబేలోని ఒక్క ఖాతాలో, ఆ ఖాతా రెజీస్ ఒక్కడి పేరు మీద. ప్రతి నెలా ఫోన్లో ఏవో నొక్కి ఇంటి యజమానికి అద్దె పంపేవాడు. ప్రతి శుక్రవారం ఒదీల్ చేతిలో ఇంటిఖర్చుకు నోట్లు పెట్టేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. ఆమె ఎప్పుడైనా బ్యాంకు సంగతి ఎత్తితే, "నీకెందుకా తలనొప్పి?" అనేవాడు. నిజం చెప్పాలంటే, ఆ తలనొప్పి లేకపోవడం ఆమెకూ సుఖంగానే ఉండేది.

ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట తిరగబడింది. వినేది అంతా అర్థమవుతుంది, చెప్పేదే తప్పిపోతుంది అన్నాడు డాక్టరు. చెంచా అనబోతే వర్షం అని వస్తుంది. అవును అనాల్సిన చోటల్లా వద్దు అని వస్తుంది. "కాఫీ తాగుతావా?" అంటే "వద్దు," అని చెయ్యి చాపుతాడు. "నొప్పిగా ఉందా?" అంటే "వద్దు," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు.

ఇంటికొచ్చి పాలు బల్లమీద పెట్టి అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "రెజీస్, కార్డు పిన్ కావాలి. నాలుగు అంకెలు. మెల్లగా చెప్పు."

అతని కళ్ళు వెలిగాయి. తెలుసు. ఆ తలలో ఎక్కడో ఆ నాలుగు అంకెలూ వరసగా నిలబడి ఉన్నాయి. "ఏడు," అన్నాడు. "ఏడు... గొడుగు... బుధవారం." తన మాట తన చెవినే పడి మొహం మాడ్చుకున్నాడు. ఎడమచేతికి పెన్సిలిస్తే పిల్లాడి రాతలో నాలుగు అంకెలు గీశాడు. చూసి తల అడ్డంగా ఊపి కొట్టేశాడు. ఇంకో నాలుగు గీశాడు.

ఒదీల్ ఆ కాగితం పట్టుకుని మూలనున్న డబ్బు యంత్రం దగ్గరికి పరుగెత్తింది. మొదటిది కాదంది. రెండోది కాదంది. అక్కడితో ఆగాలని ఆమెకూ తెలుసు. కానీ చెయ్యి ఆగలేదు. మూడోసారి తమ పెళ్ళి సంవత్సరం నొక్కింది. ఆ మనిషి పెళ్ళి సంవత్సరాన్ని పిన్‌గా పెట్టుకునే రకం కాదని నొక్కుతుండగానే గుర్తొచ్చింది. యంత్రం కార్డును మింగేసింది.

ఫోను అతని ఎడమ బొటనవేలికి తెరుచుకుంటుంది. కానీ లోపల బ్యాంకుది మళ్ళీ అంకెలే అడిగింది. రెండు తప్పులకే అది కూడా తలుపు మూసేసింది. ఇక మిగిలింది బ్యాంకుకు ఫోన్ చేయడం. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక కుర్రాడు పలికాడు.

"ఖాతాదారుతో తప్ప మేం మాట్లాడకూడదు, మదామ్."

"ఆయన పక్కనే ఉన్నారు. ఇస్తున్నా."

ఫోన్ రెజీస్ చెవికి ఆనించింది.

"నమస్కారం సార్. మీ పుట్టినతేదీ చెప్తారా?"

"వద్దు," అన్నాడు రెజీస్.

"సార్, భద్రత కోసం తప్పదు. పుట్టినతేదీ?"

రెజీస్ నుదుట చెమట పట్టింది. "మంగళవారం," అన్నాడు బలంగా. "ట్రాము... మంగళవారం!"

ఒదీల్ ఫోన్ తన చెవికి తీసుకుంది. "క్షమించండి మదామ్. గుర్తింపు కుదరలేదు. ఆయన స్వయంగా బ్రాంచికి రావాలి, లేదంటే మీ దగ్గర అధికార పత్రం ఉండాలి."

"ఆ పత్రం కావాలంటే?"

"దానికి కూడా ఆయనే ఖాతాలోకి వెళ్ళి అడగాలి."

నూతిలోంచి బయటికి రావాలంటే పైనున్న నిచ్చెన నువ్వే దింపుకో అన్నట్టుంది. ఒదీల్ ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళింది, బయటికొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఖాతాలో డబ్బుంది. ప్రతి నెలా వచ్చి పడుతూనే ఉంది. అది తనకు నీటి కింద రాయిలా కనపడుతోంది కానీ చేతికి అందడం లేదు.

ఆ తర్వాతి రోజుల్లో ఆమె కాలు గాలిన పిల్లిలా తిరిగింది. పొద్దున్నే రేవు దాకా నడిచి, పడవ కదిలేదాకా కూడా నిలబడలేక వెనక్కొచ్చేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచిందో మర్చిపోయేది. ఇంటి యజమాని అబీలియు మర్యాదస్తుడే. అయినా అద్దె పడలేదని రెండుసార్లు వచ్చి, రెజీస్ ఆరోగ్యం అడిగి, అద్దె ఊసెత్తకుండా గుమ్మం దగ్గర అవసరం కన్నా ఎక్కువసేపు నిలబడి వెళ్ళాడు.

కింది వాటాలో దోనా ఎర్మెలిందా ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు పారిస్ వెళ్ళి, ఒక పెద్ద భవనానికి కాపలామనిషిగా ముప్పై ఏళ్ళు చేసి, ముసలితనానికి సొంతూరు వచ్చేసింది. ఆమె ఫ్రెంచిలో తిట్లు కూడా ఆ భవనం వాళ్ళ దగ్గర నేర్చుకున్నవే. ఒదీల్ మెట్లు దిగుతుంటే తలుపు తీసింది.

"ఏంటమ్మాయ్, పొద్దుట్నుంచి ఎక్కుతూ దిగుతూనే ఉన్నావ్? మెట్లేమన్నా లెక్కపెడుతున్నావా?"

"ఏం లేదు, దోనా ఎర్మెలిందా."

"ఏం లేకపోతే మనిషి ఇలా పీక్కుపోదు. రా లోపలికి. సూప్ ఉంది."

సూప్ ముందు పెట్టుకుని ఒదీల్ అంతా చెప్పేసింది. చెప్తుండగానే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే సూప్ తాగింది. ఎర్మెలిందా అంతా విని పెదవి విరిచింది.

"డెబ్బై ఒకటిలో నేను మీ దేశం బ్యాంకులో ఖాతా తెరవడానికెళ్తే, కౌంటర్లో కూర్చున్న దొర నన్ను ఎగాదిగా చూసి 'నీ మొగుడేడీ' అన్నాడు. ఇప్పుడు నిన్నూ అదే అడుగుతున్నారు. బానే ఉంది, నా ఒక్కదాని మీదే కోపం అనుకున్నా." అని నవ్వింది. "సరే, నీ పేరు మీద ఏముంది?"

"నా పేరు మీదా?" ఒదీల్ ఆలోచించింది. "లైబ్రరీ కార్డు ఉంది."

"కరెంటు బిల్లు?"

"రెజీస్ పేరు."

"ఇల్లు?"

"రెజీస్ పేరే."

"అంటే నువ్వీ ఊళ్ళో లేవన్నమాట. నా సూప్ తాగింది ఎవరో మరి!" ఎర్మెలిందా గిన్నె తీసి తొట్టిలో పడేసింది. "చూడమ్మాయ్, ఫోన్లో ఏడిస్తే ఎవడూ కరగడు. మనిషిని తీసుకెళ్ళి ఎదురుగా కూర్చోబెట్టు. శుక్రవారం శుక్రవారం మనవాళ్ళ బస్సు ఫ్రాన్సు ఉత్తరాదికి పోతుంది, రూబే మీదుగానే. టిక్కెట్లకు నేనిస్తా. రేపు పేట కార్యాలయానికెళ్ళి నువ్విక్కడే ఉంటున్నావని రాయిద్దాం. సాక్షులు కావాలంటారు. నేనొకదాన్ని. అబీలియుని లాక్కొస్తా. అద్దె కావాలంటే వాడూ వస్తాడు."

అబీలియు వచ్చాడు. డాక్టరు కూడా ఒక పత్రం రాసిచ్చాడు, ఈ రోగికి మాట తప్పిందే గానీ బుద్ధి తప్పలేదని. శుక్రవారం ఒదీల్, డ్రైవరు చెరోవైపు పట్టుకుని రెజీస్‌ను బస్సెక్కించారు. బస్సు నిండా సెలవుకొచ్చి వెళ్తున్న మేస్త్రీలు, పనమ్మాయిలు, సీట్ల కింద నూనె డబ్బాలు, వాసనేసే సాసేజీలు. వెనకసీటావిడ అడగకుండానే రొట్టె చించి ఇద్దరికీ ఇచ్చింది. స్పెయిన్ దాటుతున్నంతసేపూ రెజీస్ డ్రైవరు వైపే చూశాడు. మలుపు వచ్చినప్పుడల్లా అతని ఎడమపాదం నేలను నొక్కేది. ఒదీల్ కంటిమీద కునుకు పడలేదు. బ్యాంకులో ఏం చెప్పాలో లోలోపల వల్లె వేస్తూ, ప్రతిసారీ ఒక ముక్క మర్చిపోయి మొదటికొచ్చేది.

రూబేలో సన్నగా వాన పడుతోంది. రెజీస్ ట్రాము పట్టాలు చూసి పెదాలు బిగించాడు. సోమవారం పొద్దున్న, తాము దిగిన తెలిసినవాళ్ళింట్లో ఇస్త్రీ చేసిన చొక్కా తొడిగి, బ్యాంకుకు తీసుకెళ్ళింది. సామియా అనే అమ్మాయి వాళ్ళను అద్దాలగదిలో కూర్చోబెట్టింది. కాగితాలన్నీ చూసింది. పేట కార్యాలయం పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి సరేనంది.

వల్లె వేసిందంతా ఒదీల్ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది. "ఆయనకు అన్నీ అర్థమవుతాయి, మదమ్వజెల్. మాటే అడ్డం తిరిగింది. అవును అనబోతే వద్దు అని వస్తుంది. అందుకని ఆయన ఏమన్నా మీరు పట్టించుకోకండి."

"అయ్యో, అలాగా," అంది సామియా జాలిగా, ఒదీల్ వంకే చూస్తూ. "అయితే అధికార పత్రం రాసేద్దాం. దీంతో ఖాతా మొత్తం మీరే చూసుకోవచ్చు. ఆయన సంతకం ఒక్కటి చాలు." కాగితం అచ్చువేసి బల్లమీద పెట్టింది. అప్పుడు రెజీస్ వైపు తిరిగి, చెవిటివాడితో మాట్లాడినట్టు గొంతు పెంచింది. "ఖాతా మీద అధికారం మదామ్‌కి ఇస్తున్నారు సార్! సమ్మతమేనా?"

"వద్దు," అన్నాడు రెజీస్.

సామియా చిరునవ్వు నవ్వి కలం అతని ముందుకు జరిపింది.

జబ్బు పలికించే వద్దు ఒదీల్‌కు తెలుసు. అది జారిపోతూ వస్తుంది. కనుబొమలు పైకి లేస్తాయి, అన్న తర్వాత పంటికింద రాయి తగిలినట్టు మొహం పెడతాడు. ఇది అది కాదు. దవడ బిగిసి ఉంది, కళ్ళు కాగితం మీద ఉన్నాయి. ఒకప్పుడు తాగి ట్రామెక్కబోయిన వాళ్ళను మెట్టుమీదే ఆపేసిన వద్దు ఇది.

ఆ తేడా ఈ గదిలో తనకొక్కదానికే తెలుసు. తను నోరు మూసుకుంటే చాలు. అబీలియు గుమ్మం దగ్గర నిలబడటం, ఎర్మెలిందా అలమరలోంచి తీసిచ్చిన నోట్లు, పక్కకు తోసేసిన కోడిమాంసం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

"ఎడమచేత్తో అయినా ఫరవాలేదు," అంది సామియా. "కాస్త సాయం పడతారా, మదామ్?"

ఒదీల్ చెయ్యి చాపి అతని మణికట్టు పట్టుకుంది. అది కర్రలా బిగుసుకుపోయి ఉంది. తన పట్టు కూడా బిగుస్తోందని ఆమెకు తెలిసింది. చటుక్కున వదిలేసింది.

"ఇది నిజం వద్దే, మదమ్వజెల్," అంది. "సంతకం పెట్టడు."

సామియా ఇద్దరి మొహాలూ చూసింది. "మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ తెరుస్తాం," అంది మెల్లగా. "మీరు... మాట్లాడుకుని రండి."

ఎదురుగా ఉన్న కాఫీ దుకాణంలో అతన్ని మూల బల్ల దగ్గర కూలేసి, బీరు ఒకటి, కాఫీ ఒకటి చెప్పి, అవి రాకముందే ఒదీల్ అందుకుంది.

"వద్దా? నాకా వద్దు? ఇల్లు గడవడానికి కింది వాటా ఆవిడ దగ్గర చెయ్యి చాపాను, తెలుసా నీకు? బజార్లో అందరి ముందూ సరుకులు వెనక్కి పెట్టాను. నిన్ను మోసుకుంటూ రెండు దేశాలు దాటి వచ్చాను. ఎందుకు, నీ డబ్బుతో నగలు చేయించుకుంటాననా? ఇన్నేళ్ళూ శుక్రవారం శుక్రవారం పనిమనిషికి ఇచ్చినట్టు చేతిలో పెట్టావ్. నేనెప్పుడైనా నోరెత్తానా?"

దుకాణం యజమాని బీరూ కాఫీ బల్లమీద పెట్టేసి, గ్లాసులు తుడుస్తూ అటు తిరిగి నిలబడ్డాడు. రెజీస్ మొహం కందగడ్డ అయింది. నోరు తెరిచాడు. "ట్రాము," అన్నాడు. కాదని తల విదిలించాడు. "నేను... నేను... సంచీ."

"ఏ సంచీ?"

"సంచీ!" ఎడమచేత్తో బల్ల గుద్దాడు. కాఫీ తొణికింది. తన గుండెమీద వేలు పెట్టుకుని పొడుచుకున్నాడు. "సంచీ. సంచీ."

"సంచీ మనం దిగిన ఇంట్లోనే ఉంది రెజీస్, ఎక్కడికీ పోలే..." అంటూనే ఆగిపోయింది.

అతని వేలు ఇంకా గుండెమీదే ఉంది. ఇది తప్పిపోయిన మాట కాదు. తను అతన్ని సంచీలాగే సెతూబల్‌లో ఎత్తి ఇక్కడ దించింది. చొక్కా తొడిగింది, కుర్చీలో పెట్టింది, పట్టించుకోకండి అని చెప్పింది. బస్సెక్కబోయే ముందు కూడా ఏ సంతకానికి వెళ్తున్నారో అతనికి చెప్పలేదు. అతన్నేమీ అడగలేదు. ఎర్మెలిందాను అడిగింది, డాక్టరును అడిగింది, అబీలియును కూడా అడిగింది.

ఒదీల్ కోపం తగ్గలేదు కానీ, నోటికొచ్చిన తర్వాతి మాట మింగేసింది. బల్లమీద తొణికిన కాఫీ తుడిచింది.

"సరే," అంది. "ఇప్పుడడుగుతున్నా. ఏం చేద్దామంటావ్?"

రెజీస్ బీరు నురగలో వేలు ముంచి బల్లమీద ఒక గీత గీశాడు. తనను చూపించుకున్నాడు. దాని పక్కనే ఇంకో గీత గీశాడు. ఆమె వైపు చూపించాడు.

"ఇద్దరి పేర్ల మీదా? ఖాతా?"

"వద్దు," అన్నాడు. కనుబొమలు పైకి లేచాయి. వెంటనే మొహం చిట్లించుకున్నాడు.

ఒదీల్‌కు నవ్వొచ్చింది, దాంతో పాటే ముక్కు కూడా కారింది. తుడుచుకుని బల్లమీదికి వంగింది. "అయితే నావీ కొన్ని మాటలున్నాయి. నాకు వేరే కార్డు కావాలి. అన్ని నంబర్లూ నాకూ తెలియాలి. నెలకోసారి ఇద్దరం కూర్చుని చూసుకుందాం. నేను ఖర్చుపెట్టిన దానికి ఎందుకని అడగొద్దు."

మొదటి మూడింటికీ వద్దు వద్దు వద్దు అన్నాడు, కనుబొమలు లేపుతూనే. చివరిదానికి కాస్త ఆగాడు.

"వద్దు."

"ఇది ఏ వద్దు?"

రెజీస్ కిటికీలోంచి ట్రాము వైపు చూశాడు.

మధ్యాహ్నం ఒదీల్ గదిలో నోరు మూసుకుని కూర్చుంది. సామియా ఈసారి కుర్చీ జరుపుకుని రెజీస్ ఎదురుగా కూర్చుంది. గొంతు పెంచలేదు. ఉమ్మడి ఖాతా అంటే ఏమిటో, ఎవరు ఏం చేయొచ్చో ఒక్కొక్కటే చెప్పి, ప్రతిదానికీ ఆగింది. మేనేజరు వచ్చి డాక్టరు పత్రం చదివి, రెజీస్‌ను తనే రెండు ప్రశ్నలడిగాడు. రెజీస్ వేలితో చూపించి జవాబు చెబితే చాలని ఒప్పుకున్నాడు. రెజీస్ ఎడమచేత్తో సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. ఒదీల్ రెండు చేతులూ ఒళ్ళో కట్టేసుకున్నట్టు పెట్టుకుంది. ఆ వంకర గీతల పక్కన తన పేరును ఆమె కూడా ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ రాసింది. సంతకం పెట్టాల్సిన అవసరం అంత తక్కువగా పడింది ఆమెకు.

అద్దెకూ దారిఖర్చుకూ కౌంటర్లోనే డబ్బిచ్చారు. కార్డు తర్వాత పోస్టులో వచ్చింది. అబీలియు అద్దె తీసుకుని మళ్ళీ గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఈసారి ఊరికే కబుర్లకు. ఎర్మెలిందా తన నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. "ఏమనుకోకు అమ్మాయ్, ఫ్రెంచివాళ్ళతో అలవాటైపోయింది," అంది.

ఒదీల్ కుదురుకుందా అంటే, లేదు. కొత్త కార్డు సంచీలో ఉందో లేదో వీధి చివరికి వెళ్ళేలోపు రెండుసార్లు తడిమి చూసుకునేది. నాలుగు అంకెలూ నిద్రలో కూడా గొణిగేది. రెజీస్‌కు తనకన్నా ముందు ఏదైనా జరిగితే అన్న ఆలోచన ఒకటి పట్టుకుంది, తనకే ముందు జరిగితే అన్నది ఇంకొకటి. నెలాఖరున ఇద్దరూ ఫోన్ ముందు కూర్చుంటే, అతను ఒక్కో ఖర్చు మీదా వేలు పెట్టి ఆమె మొహం చూసేవాడు. అడగకూడదన్న మాట మాత్రం తప్పలేదు. నోటితో అడగలేదు మరి.

మే నెలలో ఒకరోజు కర్ర పట్టుకుని అతనే చేపల బజారుకు వస్తానని లేచాడు. ఆమె రెండు వెండి బ్రీమ్ చేపలు ఎంచి, కార్డు తాకించి, పొట్లం తీసుకుంది. ఇంటిదారి ఎక్కుతూ అతను ఆగాడు. పొట్లం వైపు చూశాడు. పెదాలు ఒక మాట కోసం వెతుక్కున్నాయి.

"ఎంత?" అన్నాడు.

మాట సరిగ్గా వచ్చింది. ఫిబ్రవరి తర్వాత అతని నోట దారి తప్పకుండా వచ్చిన మొట్టమొదటి ప్రశ్న. ఒదీల్ నడివీధిలో నిలబడిపోయింది.

"ఏమన్నావ్? మళ్ళీ అను."

"ఎంత?" ఈసారి కొంచెం చిరాగ్గా అన్నాడు.

ఆమె ధర చెప్పింది. రెజీస్ కళ్ళు పెద్దవయ్యాయి. కర్ర గాల్లోకి లేపి బజారు వైపు చూపించాడు.

"వెనక్కిచ్చేదా? చచ్చినా ఇవ్వను! ఆ కళ్ళు చూడు, ఎంత తాజాగా ఉన్నాయో. అసలు నువ్వెప్పుడన్నా చేప కొన్నావా నీ జన్మలో? అడగొద్దన్నానా లేదా?" అంటూ ఒదీల్ అతని చెయ్యి పట్టుకుని ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. ఇల్లు చేరేదాకా ఆమె నోరు ఆగలేదు. అతను దారి పొడుగునా, దొరికిన మాట చేజారిపోతుందేమో అన్నట్టు, అదే మాట అంటూనే ఉన్నాడు.